వట్టివేరు, మట్టి, మల్లె, మొగలి: పత్థర్‌గట్టీలో ఒక అత్తరు దుకాణం

మదీనా చౌరస్తా నుంచి గుల్జార్ హౌజ్ వైపు నడిచేటప్పుడు, పత్థర్‌గట్టీ రాతి కమానుల కింద, బట్టల దుకాణాల మధ్య ఒదిగి, ముగ్గురు మనుషులు నిలబడితే నిండిపోయే ఒక అత్తరు దుకాణం ఉంది. ఈ ఏడు ఏప్రిల్ నుంచి మృగశిర కార్తె దాకా నేను అక్కడికి నాలుగుసార్లు వెళ్లాను. నాలుగు రకాల అత్తర్లు కొని, వాటిని ఇంట్లో, ఆఫీసులో, మెట్రోలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో వాడి చూశాను. తిరిగిన ఊళ్లను, గడిచిపోయిన ఎండాకాలాలను మళ్లీ దగ్గరకు తెచ్చే పరిమళం డబ్బు పెట్టి కొంటే దొరుకుతుందా అన్నది నా ప్రశ్న. కొన్నిటి విషయంలో దొరికింది, ఒకదాని విషయంలో దొరకలేదు.

ఈ వెతుకులాట ఒక నిరాశతో మొదలైంది. కిందటేడు నగరంలోని ఒక మాల్‌లో, సముద్రతీరపు సెలవులను గుర్తుచేస్తుందని చెప్పి చూపించిన నీలిరంగు సీసాను చాలా డబ్బు పోసి కొన్నాను. ఏసీ చల్లదనంలో కాగితపు ముక్క మీద చల్లి ఇచ్చినప్పుడు అది బాగానే ఉంది. బయటకు వచ్చి, మే నెల ఎండలో మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కేసరికి, కోసి పక్కన పెట్టి మరిచిపోయిన పుచ్చకాయ వాసన రావడం మొదలై, సాయంత్రానికి తలనొప్పి పట్టుకుంది. కారణం తరువాత చదివి తెలుసుకున్నాను. ఈ రకం సముద్రపు పరిమళాలలో చాలావాటికి ఆధారం కెలోన్ అనే కృత్రిమ పదార్థం. 1966లో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో బయటపడిన ఈ పదార్థం 1990లలో ప్రపంచమంతటా సీసాలలోకి చేరింది. సముద్రపు గాలినీ పుచ్చకాయనూ కలిపి స్ఫురింపజేయడం దాని స్వభావమే. కానీ నాకు తెలిసిన సముద్రం వేరు. సూర్యలంకలోనూ భీమిలిలోనూ నేను పీల్చిన గాలిలో తడి వలలు, ఇసుక మీద ఎండబెట్టిన చేపలు, రాలిన సరుగుడు ఆకులు ఉన్నాయి. ఆ సీసా తయారుచేసిన వారి సెలవులు ఎక్కడ గడిచాయో గానీ మా తీరంలో మాత్రం గడవలేదు.

కంటితో చూసినదీ చెవితో విన్నదీ మెదడులో థలామస్ అనే మజిలీ మీదుగా పై భాగాలకు వెళ్తాయి. వాసన ఆ మజిలీలో ఆగకుండా, ఉద్వేగాలనూ జ్ఞాపకాలనూ చూసుకునే భాగాలకు దాదాపు నేరుగా చేరుతుంది. వాసన తగిలినప్పుడు ముందు మనసు కదిలి, ఏ ఊరో, ఏ ఇల్లో తరువాత గుర్తుకు రావడం మనందరికీ అనుభవమే. అందువల్ల జ్ఞాపకాల కోసం కొనే పరిమళాన్ని పెట్టె మీద రాసిన వర్ణనను బట్టి కాక, ఎవరి ముక్కుతో వారే ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం.

దుకాణం పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. పక్కవారితో ఉర్దూలో, నాతో మాత్రం చక్కటి తెలుగులో మాట్లాడతారు. ఆయన నన్ను ‘అమ్మా’ అంటారు, నేను ఆయనను ‘చాచా’ అంటాను. చెక్క అరలలో పై రెండు వరుసలు అత్తర్లకు పేరుపొందిన ఉత్తరప్రదేశ్ ఊరు కన్నౌజ్ నుంచి వచ్చిన సరుకనీ, కింది వరుసలన్నీ బొంబాయి నుంచి వచ్చే కాంపౌండ్ సరుకనీ, అంటే కృత్రిమ సుగంధాలు కలిపినవనీ నేను అడగకముందే చెప్పారు. ఈ దుకాణం మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే. ఆయన సీసా బిరడా తీసి, దానికి అంటిన తడిని గాజు పుల్లతో నా ముంజేతి మీద ఒక సన్నటి గీతగా రాసి, “ఇప్పుడే చూడకండి, అలా బజారంతా ఒక చుట్టు తిరిగి వచ్చి చూడండి” అన్నారు. ఒక పూటకు మూడింటిని మించి రాయరు. ఎందుకని అడిగితే, “నాలుగోదానికి ముక్కు అబద్ధం చెబుతుందమ్మా” అన్నారు. మధ్యలో ముక్కును తేట చేసుకోవడానికి కొన్నిచోట్ల కాఫీ గింజలు ఇస్తారు. ఈయన మీ చీర కొంగునే వాసన చూసుకోమంటారు, అది నిజంగా పనిచేస్తుంది.

మొదట కొన్నది రూహ్ ఖస్. ఖస్ అంటే మన వట్టివేరే. రూహ్‌కూ అత్తరుకూ ఉన్న తేడా ఇక్కడ చెప్పాలి. సంప్రదాయ అత్తరులో పువ్వు లేదా వేరు నుంచి వచ్చే ఆవిరిని మంచిగంధం నూనెలోకి పట్టి అందులో నిలుపుతారు. రూహ్‌లో అలాంటి ఆధారం ఏదీ కలపరు, ఆ వేరు నూనె ఒక్కటే ఉంటుంది. కన్నౌజ్‌లో దీనిని ఇప్పటికీ దేగ్–భప్కా పద్ధతిలో తీస్తారు. దేగ్ అనే పెద్ద రాగి బానలో వేళ్లనూ నీళ్లనూ పోసి, మూతను మట్టితో మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీటి తొట్టెలో ఉంచిన భప్కా అనే రాగి పాత్రలోకి వెళ్లి చల్లబడుతుంది. వట్టివేరు నూనె బరువైనది, సులభంగా పైకి లేవదు. అందువల్ల పువ్వులకంటే చాలా ఎక్కువ సేపు కాచాలి. రాగితో కలిసి రావడం వల్ల ఆ నూనెకు ఒక పచ్చదనం వస్తుంది. నేను కొన్న సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తే, ఆముదంలా చిక్కగా, పాచి పట్టిన కోనేటి నీటి రంగులో కదిలింది.

చర్మం మీద రాసిన మొదటి పావుగంట అది అందరికీ నచ్చే వాసన కాదు. అప్పుడే పీకిన వేరుశెనగ చెట్టుకు అంటుకున్న మట్టి వాసన, ఆ వెనుక కొంచెం పొగ, కొంచెం చేదు. మా ఇంట్లో పిల్లలు ముఖం తిప్పుకున్నారు. ఇరవై నిమిషాలు గడిచాక ఆ చేదు దిగిపోయి, నీళ్లు చల్లిన తడిక మీదుగా వచ్చే గాలి మిగిలింది, నేను బెజవాడలో మా తాతగారి ఇంటి వసారాలోకి వెళ్లిపోయాను. మే నెలలో ఆ ఇంటి పడమటి కిటికీలన్నిటికీ వట్టివేళ్ల తడికలు కట్టేవారు. గంటకొకసారి చెంబుతో వాటి మీద నీళ్లు చల్లడం సెలవులకు వచ్చిన పిల్లల పని. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ చాపల మీద పడుకున్నప్పుడు, తడికల నుంచి గచ్చు మీద పడే నీటి చుక్కల చప్పుడుతో పాటు వచ్చే ఆ వాసనను నేను ముప్ఫై ఏళ్లుగా మళ్లీ పీల్చలేదు. తాగే నీళ్ల కుండలో కూడా అమ్మమ్మ ఒక చిన్న వట్టివేళ్ల కట్ట వేసేది. సీసాలోని నూనెలో ఆ కుండనీళ్ల తీపి కూడా ఎక్కడో అడుగున ఉంది, రెండు గంటల తరువాత బయటపడింది.

ఎండకు ఇది బాగా తట్టుకుంటుంది. నలభై రెండు డిగ్రీల మధ్యాహ్నంలో ఖైరతాబాద్ నుంచి అసెంబ్లీ దాకా నడిచి చూశాను. చెమట పట్టినకొద్దీ వాసన పలచబడుతుందనుకుంటే, మరింత చల్లగా విచ్చుకుంది. నేత చీరకు అంటిన చుక్క రెండో రోజు కూడా తెలిసింది. ఫ్రెంచివారి ‘వెటివేర్’ అన్న మాటకు మూలం తమిళుల వెట్టివేరే. ఫ్రెంచి పరిమళ సంస్థ గెర్లాన్ వారు 1959లో తెచ్చిన వెటివేర్‌ను ఒక మిత్రుడి దగ్గర వాసన చూశాను. నిమ్మజాతి పండ్లతో, పొగాకు వాసనతో తీర్చిదిద్దిన మంచి పరిమళం, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలా శుభ్రంగా ఉంటుంది. ఆ శుభ్రత కావలసినవారికి అదే నయం. తడిక కావలసినవారికి మాత్రం రూహ్ ఖస్‌ను మించినది లేదు. మూడు మిల్లీలీటర్లకు 900 రూపాయలు చెల్లించాను. ఒక్క చుక్క చాలు కాబట్టి నా లెక్కలో అది ఎక్కువ ధర కాదు.

రెండోది మట్టి అత్తరు. దీనికి హైదరాబాదులో చాలా పేరుంది, చాలా నకిలీలూ ఉన్నాయి. అసలైనదాన్ని తయారుచేసే తీరు వింటేనే ఆశ్చర్యం కలుగుతుంది. ఎండాకాలంలో, వానలు పడకముందే, ఎండిన మట్టిని తెచ్చి బిళ్లలుగా చేసి, సగం కాల్చి, రాగి బానలో నీళ్లతో పాటు వేసి, దాని ఆవిరిని గంధం నూనెలోకి రోజుల తరబడి పడతారు. ఇసాబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తొలకరి వాసనకు ‘పెట్రికోర్’ అని పేరు పెట్టింది 1964లో. ఆ వాసనను కన్నౌజ్ వారు అప్పటికే సీసాలోకి పడుతున్నారని వారే తమ పత్రంలో రాశారు. ఎండాకాలమంతా రాళ్లూ మట్టీ పీల్చుకుని ఉంచుకున్న మొక్కల నూనెలు, మట్టిలోని సూక్ష్మజీవులు విడుదల చేసే జియోస్మిన్ అనే పదార్థం కలిసి ఆ వాసనను ఇస్తాయి. జియోస్మిన్ విషయంలో మనిషి ముక్కు ఎంత చురుకైనదంటే, లక్ష కోట్లలో కొన్ని వంతులున్నా పసిగడుతుంది.

ఈ అత్తరు నాకు ఇవ్వాలని నేను కోరుకున్న జ్ఞాపకం ఒకటి ఉంది. కొన్నేళ్ల కింద జూన్‌లో బస్సులో శ్రీశైలం వెళ్తుండగా మన్ననూరు దాటాక, నల్లమలలో తొలి వాన ఎదురైంది. డ్రైవర్ బస్సు ఆపి అద్దం తుడుచుకుంటుంటే, కిటికీల గుండా ఎండుటాకుల వాసన, ఎర్రమట్టి వాసన, ఏదో పచ్చి చెక్క వాసన కలగలిసి లోపలికి వచ్చాయి. బస్సులో ఎవరూ మాట్లాడలేదు. మట్టి అత్తరు రాసుకుని కళ్లు మూసుకుంటే ఆ కిటికీ తెరుచుకుంటుందని ఆశించాను.

నాలుగోసారి దుకాణానికి వెళ్లింది మృగశిర నాడు. చేప ప్రసాదం కోసం నాంపల్లి వైపు వెళ్లే జనంతో ఆ రోజు నగరమంతా కిక్కిరిసి ఉంది. చాచా నా ముంజేతి మీద మట్టి అత్తరు గీసిన పది నిమిషాలకు నిజంగానే వాన మొదలైంది. కమాను కింద నిలబడి, ఒకసారి చేతిని, ఒకసారి వీధిని వాసన చూస్తూ పావుగంట గడిపాను. పరీక్షకు అంతకంటే మంచి అవకాశం దొరకదు. వీధిలోని వాసన పదునుగా వచ్చి, నిమిషాల్లో తడి రాతి వాసనగా, ఆపైన మురుగు వాసనగా మారిపోయింది. చేతి మీది వాసన గుండ్రంగా, తియ్యగా, గంధం మీద ఆనుకుని, కదలకుండా నిలిచింది. కొత్త కుండలో పోసిన తొలి నీళ్ల వాసన అది. గంగా మైదానపు ఒండ్రుమట్టిని కాల్చి తీసిన దానిలో మన చెల్క నేలల ఎర్రదనాన్నీ, రేగడి బరువునూ ఆశించడం నా పొరపాటని అప్పుడు అర్థమైంది. నల్లమల కిటికీ పూర్తిగా తెరుచుకోలేదు. అయినా మూడు మిల్లీలీటర్లు 750 రూపాయలకు కొన్నాను, ఎందుకంటే రాత్రి పడుకునే ముందు దిండు అంచుకు ఒక చుక్క రాస్తే, పగలంతా కాగిన మేడమీది గదిలో కూడా ఒంట్లోని ఎండ వేడి దిగిపోయినట్టు ఉంటుంది. గంధం నూనె ధర పెరిగిన తరువాత దాని బదులు పారఫిన్ వంటి చౌక నూనెలలోకి పట్టిన సరుకు చాలా వస్తోంది. అలాంటిదానిలో మట్టి వాసన అరగంటలో పోయి, ఉత్త జిడ్డు మిగులుతుంది. ఇంకోచోట 150 రూపాయలకు కొన్న సీసాలో నాకు అదే జరిగింది.

మల్లె విషయంలో నేను నిరాశపడ్డాను. ఇక్కడ మోతియా అనే పేరుతో అమ్ముతారు. వేసవి అంటే మనకు మొదట గుర్తొచ్చేది మల్లెపువ్వే కాబట్టి ఈ ఒక్కటైనా సరిగ్గా ఉండాలని గట్టిగా కోరుకున్నాను. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పొద్దున్నే రాశులుగా పోసిన మొగ్గల దగ్గర నిలబడితే పచ్చి వాసన వస్తుంది. అవే మొగ్గలు సాయంత్రం మూరల లెక్కన ఇంటికొచ్చి, తడిగుడ్డలో విచ్చుకుంటే తీపి వాసన వస్తుంది, రాత్రి జడలో నలిగాక మత్తు కలిగించే బరువు వాసన వస్తుంది. మల్లె కోసిన తరువాత కూడా బతికే ఉండి వాసనను తయారుచేస్తూనే ఉంటుంది. బానలో ఉడికించినప్పుడు ఆ మూడు వేళలూ ఒకటైపోయాయి. చేతి మీద మిగిలింది ఉడికిన మల్లె, కొంచెం టీ ఆకు, కొంచెం సబ్బు. దుకాణం తప్పు ఇందులో లేదు, పువ్వు తీరే అంత. తమిళనాడులో మదురై పరిసరాలలో ద్రావణాలతో తీసే మల్లె సారం పువ్వుకు చాలా దగ్గరగా ఉంటుంది, పెద్ద పరిమళ సంస్థలు వాడేది దాన్నే. మన వాడకానికైతే పది రూపాయల మూరెడు మల్లెలే మేలు. ఈ సీసాను నేను మళ్లీ కొనను.

మొగలి అత్తరును, ఇక్కడి మాటలో కేవ్డాను, మొదట వద్దనుకున్నాను. హైదరాబాదులో పెరిగినవారికి ఆ వాసన రాగానే బిర్యానీ దమ్ము తీసిన గిన్నె, పెళ్లి విందులోని డబల్ కా మీఠా గుర్తొస్తాయి. మా అమ్మాయి వాసన చూసి, “అమ్మా, ఇది దావత్ వాసన కదా” అంది. మా అమ్మ మాత్రం ఆ చేతినే పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆమెది కోనసీమ. కాలువ గట్ల వెంట మొగలి పొదలు, ముళ్ల అంచులతో వాడిగా ఉండే ఆకుల మధ్య తెల్లటి పొత్తి, పాములుంటాయని పిల్లలను దగ్గరకు పోనీయని పెద్దలు, అన్నీ ఆమె చెప్పగా విన్నాను. మొగలి పూసేది వానాకాలంలోనే అయినా, ఎండాకాలపు పెళ్లిళ్ల కోసం ట్రంకుపెట్టె తెరిచినప్పుడు పట్టుచీరల మడతల్లో పెట్టిన ఎండిన రేకుల వాసన వచ్చేదట. అందుకే ఆమెకు అది వైశాఖమాసపు వాసన. ఒకే సీసా ఒకే ఇంట్లో ఇద్దరిని రెండు వేర్వేరు ఊళ్లకు పంపింది. నాకు సంబంధించినంత వరకు ఇది ఎండలో మరీ బిగ్గరగా ఉంది, పగలు వాడలేం. ఒడిశాలోని గంజాం తీరం నుంచి వచ్చే మొగలే శ్రేష్ఠమని చాచా చెప్పారు. సీసాను అమ్మకే ఇచ్చేశాను. ఆమె దానిని ఒంటికి రాసుకోకుండా, దూదిలో ముంచి బీరువాలో పెట్టుకుంది.

ఈ దుకాణానికి సంబంధం లేకపోయినా, పోలిక కోసం ఒక విదేశీ పరిమళాన్ని గురించి కూడా రాయాలి. హెర్మెస్ సంస్థ కోసం జాన్-క్లోద్ ఎలెనా 2005లో రూపొందించిన ‘ఉన్ జార్దాన్ సుర్ ల నీల్’ అనే దానిని మా చెల్లెలు తెచ్చింది. ఈజిప్టులోని అస్వాన్‌లో, నైలు నది దగ్గర, చెట్లకు వేలాడే పచ్చి మామిడికాయల వాసన ఆయనకు దీనికి ప్రేరణ. చల్లుకున్న మొదటి క్షణంలో నేను ఉలిక్కిపడ్డాను, అది నూజివీడు తోటలో కాయను కొమ్మ నుంచి తుంచినప్పుడు తొడిమ దగ్గర చిమ్మే సొన వాసన. ఆవకాయ ముక్కలు కొట్టే రోజున పెరట్లో నిండే పచ్చిదనం కూడా అందులో ఉంది. సముద్రపు సీసా మీద కోపంతో విదేశీ పరిమళాలన్నిటినీ కొట్టిపారేయబోయిన నన్ను ఇది ఆపింది. లోపం ఒక్కటే, మన ఎండలో ఆ సొన వాసన పావుగంట కూడా నిలవదు. ఆల్కహాల్‌లో కలిపిన తేలిక సుగంధాలు వేడికి ముందుగా ఎగిరిపోతాయి. చుట్టుపక్కల వారికి తెలిసేలా వ్యాపించి త్వరగా ఆరిపోవడం వాటి తీరు, ఒంటికి అంటి ఉండి దగ్గరకు వచ్చినవారికే తెలియడం నూనె అత్తర్ల తీరు. ఆఫీసులో పక్క కుర్చీవారిని ఇబ్బంది పెట్టకూడదనుకుంటే వేసవిలో రెండోదే మంచిది.

వెళ్లదలచుకున్నవారికి కొన్ని మాటలు. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటోలో మదీనా దాకా వెళ్లి, అక్కడి నుంచి నడవడం సులభం. ముక్కు తేటగా ఉండే పొద్దుటి పూట, మీరు ఏ సెంటూ పూసుకోకుండా వెళ్లండి. రంజాన్ నెలలో అత్తర్ల బేరం జోరు మీద ఉంటుంది, అప్పుడు తీరికగా చూసే వీలుండదు. మూడు మిల్లీలీటర్ల సీసాకు మించి మొదటిసారి కొనవద్దు. తులం, అంటే వారి లెక్కలో సుమారు 12 మిల్లీలీటర్లు, తీసుకుంటే ధర కలిసివస్తుందని అంటారు గానీ, నచ్చుతుందో లేదో ఒక వారం వాడితే తప్ప తెలియదు. మోచేతి మడత దగ్గరా చెవి వెనుకా రాసుకోవాలి. నిమ్మ, నారింజ జాతి నూనెలు కలిసిన వాటిని ఎండ తగిలే చర్మం మీద రాసుకోకండి, ముఖ్యంగా బెర్గమోట్ నూనె ఎండతో కలిస్తే నల్లటి మచ్చలు పడతాయి. కారులో మాత్రం ఏ సీసానూ వదిలిపెట్టవద్దు.

దుకాణం మీద నాకున్న ఫిర్యాదు సీసాల గురించి. చిన్న సీసాల ప్లాస్టిక్ మూతలు సరిగా బిగుసుకోవు. రూహ్ ఖస్ సీసా నా చేతిసంచిలో కొంచెం కారి, పాసుపుస్తకం అట్టకు అంటింది. చాచాకు చూపిస్తే, మారు మాట లేకుండా గాజు బిరడా ఉన్న సీసాలోకి మార్చి, పోయిన మేరకు నింపి, మెడ చుట్టూ దూది చుట్టి ఇచ్చారు. మీరు కొనేటప్పుడే ఆ సీసా అడగండి, దానికి 60 రూపాయలు అదనం. పాసుపుస్తకం మాత్రం రెండు నెలలైనా వట్టివేళ్ల వాసన వేస్తూనే ఉంది.